సొరుగుల మేడలో పులి దుప్పటి

షామా అనే ఆర్కిటెక్టు ఫొటోల కవరు చంకలో పెట్టుకుని మెట్లెక్కుతుంటే మూడో అంతస్తులో ఒక తలుపు తనంతట తనే తెరుచుకుంది. తనంతట తనే అని మర్యాదకు అనుకోవాలి. తలుపు వెనక బతూల్ ఉంది. మెట్ల మీద తెలియని చెప్పుల చప్పుడు వినబడితే చాలు, కుడుతున్న కఫ్తాన్ ఎంత పెద్దింటి పెళ్లికూతురిదైనా సరే, ఆమె చేతిలో సూది ఆగిపోతుంది.

"ఎవరింటికమ్మా?"

"ఎవరింటికైనా సరే పిన్నీ. టీ తాగమంటారు, సోఫాలో కూర్చోబెడతారు, ఇల్లు మాత్రం చూడనివ్వరు."

"అయ్యో పాపం! రా, కూర్చో. ఆ కవర్లో ఏంటవి?"

బతూల్‌కు అరవై దాటాయి. ఆమెకు తెలియకుండా ఆ మేడలో పాలు కూడా పొంగవని అందరూ అంటారు. ఆ మాటకు ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. అది పొగడ్తేనని ఆమె నమ్మకం.

హయ్ ముహమ్మదీ పేటలో ఆ మేడను సొరుగుల మేడ అంటారు. కాసాబ్లాంకాను ఫ్రెంచివాళ్లు ఏలిన కాలంలో, పల్లెల నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిన జనం కోసం కుర్ర ఆర్కిటెక్టులు కొందరు ఒక కొత్త ప్రయోగం చేశారు. మండువా ఇళ్లలో పెరిగినవాళ్లను పెట్టెల్లాంటి గదుల్లో పడేస్తే ఊపిరాడదని, ప్రతి ఇంటికీ ఒక మండువాను గోడ బయటికి వేలాడదీశారు. నెత్తిన ఆకాశం, చుట్టూ మనిషిని మించిన గోడ. ఒకరి మండువా మీద ఇంకొకరిది పడకుండా అంతస్తు అంతస్తుకూ పక్కకు జరిపి కట్టారు. వీధిలోంచి చూస్తే ఎవరో సొరుగులన్నీ లాగి, మూయడం మరిచిపోయినట్టు ఉంటుంది. ఇన్నేళ్లకు పెచ్చులూడి, ఇనుము తుప్పుపట్టి, వానాకాలం వస్తే ఎవరి నెత్తిన ఏం పడుతుందోనని బిక్కుబిక్కుమనే స్థితికి వచ్చింది.

షామా టీ గుక్కెడు తాగి అసలు సంగతి చెప్పింది. మేడను కూల్చేసి జనాన్ని ఊరి బయట కొత్త ఫ్లాట్లకు తరలించాలని నగరపాలక సంస్థ చూస్తోంది. చరిత్ర ఉన్న కట్టడంగా వారసత్వ కమిటీ గుర్తిస్తే మాత్రం కూల్చరు, మరమ్మతు చేస్తారు. గుర్తించాలంటే మండువాలు, కనీసం చాలామటుకు, కట్టినప్పటి మాదిరిగా ఆకాశానికి తెరిచి ఉండాలి.

"తెరిచే ఉన్నాయిగా!" అంది బతూల్.

"మరి బాల్కనీ మూసేశారా అని అడిగితే, మాకసలు బాల్కనీయే లేదంటున్నారు అందరూ!"

"లేదుగా మరి. మాకు బాల్కనీ ఎక్కడిది? నువ్వు ఇంటి నడుము గురించి అడిగావా?"

షామా నుదురు కొట్టుకుంది. ఆమె ప్లానులో ఫ్రెంచిలో బాల్కనీ అని రాసుంది. మేడలో అందరూ మండువాను ఇంటి నడుమనే అంటారు, అది గోడకు అవతల గాలిలో వేలాడుతున్నా సరే.

"సరే, మరి దీనికేమంటారు?" అని షామా ఫొటోలు పరిచింది. పోయిన వారం డ్రోన్ ఎగరేసి పైనుంచి తీసినవి. సొరుగుల్లో ఒక్కదానిలోనూ నేల కనబడటం లేదు. ప్రతిదాని మీదా గుడ్డ కప్పి ఉంది. మండువాలన్నీ గుడ్డలతో పందిళ్లు వేసి మూసేశారు, అసలు రూపం పోయింది, ఇక కాపాడటానికి ఏమీ మిగల్లేదు అని కమిటీలో కొందరు అప్పుడే అంటున్నారట.

బతూల్ కళ్లద్దాలు పెట్టుకుని ఫొటోల మీదికి వంగింది. ఉన్నట్టుండి పగలబడి నవ్వింది.

"ఇదిగో, పులి! ఇది హాజ్జా యమ్నా పులి దుప్పటి! కూతురికిచ్చేశానని ఊరంతా చెప్పుకుంది. చూడు ఎలా పళ్లికిలిస్తోందో! ఈ ఎర్రది ఫత్తూమ బల్లమీద పరిచేది, పండక్కి తప్ప తియ్యదు. ఈ చారలది..."

"పిన్నీ, ఇవెందుకు కప్పారు?"

"ఎందుకేంటి? ఆడాళ్లం మా ఇంటి నడుములో తల ఆరబెట్టుకుంటుంటే, నెత్తిమీద ఈగలా జుయ్యిమంటూ కన్నున్న మిషనొకటి వచ్చింది. చేతికందింది లాగి కప్పేశాం. మీవాళ్లకి ఆ మాత్రం తెలీదా? డాబా మీద టాంకీ బాగుచెయ్యడానికి వచ్చిన కుర్రాడు కూడా ముందు 'దారి, దారి' అని కేకేసి కదా ఎక్కుతాడు! మేం లోపలికెళ్లాక వస్తాడు. మీ ఈగ కేకేసిందా?"

షామాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుడ్డలు కప్పి ఉన్నది డ్రోన్ ఎగిరిన ఆ కాసేపే! ఆ కాసేపటి ఫొటోలు చూసి మేడ బతుకు తేల్చేయబోతున్నారు.

"గురువారం మళ్లీ ఎగరేస్తా పిన్నీ. ముందు నేనే డాబా ఎక్కి కేకేస్తా. అందరూ లోపలికెళ్లిపోండి, దుప్పట్లు మాత్రం వద్దు. మీరు చెబితే వింటారుగా?" అని, ఒక ఫొటో మీద వేలు పెట్టింది. "అవునూ, ఇదొక్కటి గుడ్డ కాదు, రేకు. ఇదెవరిది?"

బతూల్ గ్లాసులో ఇంకాస్త టీ పోసింది. పుదీనా ఆకు సర్దింది.

"నాది," అంది.

రేకు కథ పాతది. బతూల్‌కు ముప్పై ఏళ్లప్పుడు ఒకరోజు మండువాలో తొట్టి పెట్టుకుని స్నానం చేస్తూ, నోట్లోనే గొణుక్కున్నట్టు ఒక పెళ్లిపాట పాడుకుంది. అందులో ఒక చరణం ఆమె ఎప్పుడూ తప్పే పాడుతుంది. మర్నాడు మెట్ల మీద పై అంతస్తు యమ్నా ఎదురై, అదే పాటను, అదే తప్పుతో సహా, చిరునవ్వు నవ్వుతూ పాడుకుంటూ దిగిపోయింది. బతూల్‌కు ఒకటే తట్టింది. యమ్నా మండువా ఏటవాలుగా తన మండువాకు పైన ఉంటుంది. గోడెక్కి తొంగిచూసింది, తను స్నానం చేస్తుంటే చూసింది! వారం తిరక్కుండా రేకు వేయించింది. ఆనాటి నుంచి యమ్నాతో మాట లేదు, పై అంతస్తు మెట్లు ఎక్కింది లేదు. ఊళ్లో అందరి గుట్టూ తెలుసుకునే మనిషికి తన గుట్టు ఇంకొకరికి తెలిసిందంటే ఎంత మంటగా ఉంటుందో ఆమెనే అడగాలి.

పై అంతస్తుల ఆడవాళ్లంతా యమ్నా మాట మీద నడుస్తారు. యమ్నా పులిని కప్పకపోతేనే వాళ్లూ మానుకుంటారు. ఆ ముక్క బతూల్ షామాకు చెప్పలేదు గానీ, ఆ పిల్ల వెళ్లాక చాలాసేపు కూర్చుని ఆలోచించింది. ఊరి బయట ఫ్లాట్ల గురించి విన్నది తలచుకుంది. అక్కడ ఒకే మెట్ల మీద ఉన్నవాళ్లకే ఒకరి పేరొకరికి తెలియదట. అలాంటి చోట ఆమె చచ్చిపోతుంది. మర్నాడు తలకు గుడ్డ కట్టుకుని పై అంతస్తుకు బయల్దేరింది.

యమ్నా తలుపు తీసింది. నాలుగున్నర అడుగుల మనిషి, ఇప్పుడు ఇంకా కుంగింది.

"దారి తప్పావా బతూల్?"

"దారి నాకు తెలుసులే. నీ పులెక్కడ?"

"ఏ పులి?"

"కూతురికిచ్చేశావే, ఆ పులి. ఆకాశంలోంచి ఫొటో దిగింది."

యమ్నా మొహం ఎర్రబడింది, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. బతూల్ నవ్వలేదు. గడపలోనే నిలబడి సంగతంతా చెప్పి, గురువారం దుప్పటి వద్దంది.

"నీ రేకు తియ్యి, నేను పులిని కప్పను," అంది యమ్నా.

"తీస్తే నువ్వు మళ్లీ తొంగిచూడ్డానికా?"

"నేనా! తొంగిచూడ్డమా!" యమ్నా ఆమె మణికట్టు పట్టుకుని మండువాలోకి లాక్కెళ్లింది. "చూపించు. ఎక్కడ్నుంచి చూశానో చూపించు."

బతూల్ అటూ ఇటూ చూసింది. మూలనున్న పీట తెచ్చి గోడకు ఆనించి ఎక్కింది. మునివేళ్ల మీద లేచింది. గోడ అంచు ఇంకా ఆమె నుదుటికి పైనే ఉంది. యమ్నా కంటే ఆమె ఒక తల పొడుగు. పీటను రెండు చేతులతో పట్టుకుని యమ్నా కింద సణుగుతూనే ఉంది: "పడి చస్తే ఆ నింద కూడా నా నెత్తినే వేస్తావ్, దిగు."

దిగింది. కానీ ఓడిపోవడం ఆమెకు చేతకాదు.

"మరి పాటో? తప్పు కూడా పాడావు!"

"కూర్చో. కాసేపు నోరు మూసుకుని కూర్చో. నీకు కష్టమేలే."

బతూల్ గోడవార గొర్రెతోలు మీద కూర్చుంది. మొదట వీధి రొద. తర్వాత, పక్కనే కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా, రెండో అంతస్తు కొత్తకోడలి గొంతు వచ్చింది. తల్లితో ఫోన్లో గుసగుసగా చెబుతోంది: అత్తగారు మెచ్చుకున్న రొట్టెలు తను చేసినవి కావట, మూలమీది కొట్లో కొన్నవట. బతూల్ కళ్లు మతాబుల్లా వెలిగాయి. ఏ కిటికీలోంచి ఎవరి చూపు ఎక్కడ పడుతుందో గీతలు గీసి, ఎవరి మండువా ఎవరికీ కనబడకుండా మేడ కట్టిన ఆ కుర్ర ఆర్కిటెక్టులకు చెవుల సంగతి తట్టలేదు. ఎత్తయిన గోడల మధ్య మాట బావిలోంచి వచ్చినట్టు నేరుగా పైకి వస్తోంది.

"దేవుడా! ఇంత మంచి చోటు ఇక్కడుంచుకుని, నేను ఇన్నేళ్లూ మెట్ల మీద పడిగాపులు కాశానా!"

"నాకు నీ అంత ఓపిక లేదు. విన్నది విన్నట్టు మర్చిపోతా," అంది యమ్నా.

బతూల్ ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. గుసగుసే ఇంత బాగా వినబడితే, కేకలు? పాట పాడిన రోజుకు కొన్ని నెలల ముందు ఒక మధ్యాహ్నం, ఆమె మొగుడు బూషయిబ్ కింద తమ మండువాలో నిలబడే, నిన్ను వదిలేశాను పొమ్మని అరిచి, సఫీ అనే రేవు ఊళ్లో ఇంకో ఆడదాని దగ్గరికి వెళ్లిపోయాడు. ఆమె అతని కాళ్లు పట్టుకుని బతిమాలింది. తర్వాత మేడంతటికీ, సఫీ దగ్గర పడవ మునిగి పోయాడని చెప్పింది. మొగుడు వదిలేసిన ఆడదాని కంటే మొగుడు పోయిన ఆడదానికి మర్యాద ఎక్కువ. తెల్లబట్టలు కట్టింది, మొగుడు పోయినవాళ్లు పాటించే గడువంతా పాటించింది. మేడ మేడంతా ఆచారం ప్రకారం చక్కెర దిమ్మలు పట్టుకుని పరామర్శకు వచ్చింది. అందరికంటే పెద్ద దిమ్మ తెచ్చి, ఆమెను కావిలించుకుని ఏడ్చింది యమ్నాయే.

"ఆ మధ్యాహ్నం నువ్వు ఇంట్లోనే ఉన్నావా?" అంది బతూల్.

"ఇక్కడే పిండి కలుపుతున్నా."

"విన్నావా?"

"విన్నా."

"విని కూడా చక్కెర తెచ్చావా?"

"నువ్వు తెల్లబట్ట కట్టావు. తెచ్చా." యమ్నా గోడ వైపు చూస్తూ అంది. "నెలల తరబడి ఏడుపే వినిపించేది. ఆ రోజు పాట వినిపించింది. ఆ సంతోషంలోనే పాడా. తప్పు నీది, నాది కాదు."

బతూల్ భయపడుతూ అడిగింది: "ఎవరెవరికి చెప్పావ్?"

"ఒక్కరికైనా చెప్పుంటే, ఈ మేడలో అది నీ చెవిన పడకుండా ఉండేదా?"

గురువారం షామా డాబా ఎక్కి గొంతు చించుకుని 'దారి, దారి' అని కేకేసింది. ఆడవాళ్లంతా పండక్కి కడిగినట్టు మండువాలు కడిగి లోపలికి తప్పుకున్నారు. ఫొటోల్లో గుడ్డ లేదు, పులి లేదు, రేకు లేదు, తడిసిన నేల ఒక్కటే ఉంది. చలికాలం వచ్చేలోపు కమిటీ మేడను కూల్చవద్దని తేల్చింది. అదంతా తర్వాతి మాట.

రేకు తీయించింది మాత్రం బతూల్ యమ్నా ఇంటి నుంచి దిగివచ్చిన సాయంత్రమే. పనివాడు రేకు ముక్కలు మోసుకుని వెళ్లాక తలుపేసుకుని మండువాలో కూర్చుంది. ఇన్నేళ్లు పోగొట్టుకున్న స్నేహితురాలి కోసం, ఒంటరిగా మింగిన అబద్ధం కోసం, వినబడుతుందని తెలిసి కూడా గట్టిగా ఏడ్చింది. పైన యమ్నా లేచి వెళ్లి రేడియో పెట్టి, ఇంకెవరికీ ఏమీ వినబడకుండా దాని గొంతు పూర్తిగా పెంచేసింది.