పదకొండు లిఫ్టుల జాబితా

సెంటుసీసా అంతు చూడాలన్న ఒక్క కోరికతో యాభై రెండో ఏట నేను కోడింగు నేర్చుకున్నాను. మా లిఫ్టుల కంపెనీ సూపర్‌వైజరుకి ఆ పేరు పెట్టింది మెకానిక్కులమే. మనిషి కంటే ముందు వాసన వచ్చేది. ఒక లిఫ్టు జారి ముసలాయన చెయ్యి విరిగితే, బ్రేకు నేను చూడనేలేదని చెప్పింది వాడే. బ్రేకు అరిగింది, మార్చాలి అని నేను రాశాను. వాడు కింద 'సరే' పెట్టి వదిలేశాడు. విచారణ రోజు వెతికితే ఆ రికార్డే కనిపించలేదు. నా పనిముట్ల సంచీ లాక్కుని, ఆఫీసులో ఓ మూల కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు నాది. కడుపు మండిపోయింది.

రికార్డులన్నీ పొద్దున్నే కంప్యూటరు మెమరీలోకి ఎక్కుతాయి. రోజంతా అందరం ఆ జాబితా మీదే పని చేస్తాం. అందులోంచి తీసేసే అధికారం వాడొక్కడికే ఉంది. ఆ జాబితాని ప్రశ్నలు అడగడం నాకు మా మేనకోడలు నేర్పింది.

"ఒక్కోటీ వెతుక్కోకు మామయ్యా. నీకేం కావాలో షరతు చెప్పు, అదే ఏరిపెడుతుంది."

బ్రేకు అరిగిందని మెకానిక్ రాసినవి, వాడు సరే పెట్టినవి, ఇంకా మార్చనివి. ఇదీ నా షరతు. మంగళవారం పొద్దున పదకొండు వచ్చాయి. ఆ ప్రశ్నకి 'పగ' అని పేరు పెట్టి దాచుకున్నాను.

ఓనరు గారు ఆఫీసుకి వచ్చేది మంగళవారం మూడింటికే. నోరు ఊరుకోక, ఆయనకి ఒకటి చూపిస్తానని ముందే అందరికీ చెప్పాను. ఆయన వచ్చి నిలబడ్డారు, వెనకే సెంటుసీసా. బటన్ నొక్కాను. సున్నా.

"కళ్లు మసకేశాయి సార్, పాపం," అన్నాడు వాడు. ఆఫీసంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్లి మేనకోడలి మీద విరుచుకుపడ్డాను.

"నువ్వు దాచింది జవాబు కాదు మామయ్యా, ప్రశ్న. నొక్కినప్పుడల్లా అది కొత్తగా వెళ్లి చూసొస్తుంది. ఈలోగా వాడు తీసేస్తే ఏం దొరుకుతుంది? చివర ఇంకో మాట తగిలించు. దొరికినవి అప్పటికప్పుడే విడిగా పేర్చి పెడుతుంది. తర్వాత వాడేం చేసినా అవి పోవు."

మర్నాడు చూస్తే పదకొండూ మళ్లీ వచ్చి కూర్చున్నాయి. వాడు ఆ రోజు జాబితాలోంచి తీసేశాడే గానీ, అసలు రికార్డుల్లో సేవ్ చేయలేదు. చేస్తే పదకొండు లిఫ్టులు ఏమయ్యాయని ఓనరు గారు అడుగుతారు. విచారణ రోజు కూడా ఇదే గారడీ అన్నమాట! అప్పుడే ఓనరు గారికి ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యలేదు. అరిగిన బ్రేకులు చూపిస్తే వాడు మరిచిపోయానని తప్పించుకుంటాడు. తుడిచేస్తూ దొరకాలి. వారం రోజులు పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను.

మంగళవారం ఒంటిగంటకి జవాబుని విడిగా పేర్చి పెట్టుకుని, వాడికి వినపడేలా అన్నాను, "మూడింటికి మళ్లీ చూపిస్తా, ఈసారి తప్పదు!"

మూడింటికి ఓనరు గారూ వాడూ వచ్చి నిలబడ్డాక, మొదట 'పగ' నొక్కాను. సున్నా. వాడు పకపకా నవ్వాడు. నవ్వనిచ్చాను. తర్వాత ఒంటిగంట జాబితా తెరిచాను. పదకొండు. అప్పుడున్నవీ, ఇప్పుడు లేనివీ ఏవని అడిగాను. అవే పదకొండు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. అక్కడికక్కడే ఓనరు గారు వాడి మెడలోంచి కార్డు తీయించి, నా సంచీ నాకిచ్చారు. నా జన్మలో అంత తియ్యటి నిమిషం లేదు.

"ఈ పదకొండూ నీకెప్పటి నుంచి తెలుసు?" అన్నారాయన.

"పోయిన మంగళవారం నుంచి సార్."

"అయితే వారంగా జనం వాటిలోనే ఎక్కి దిగుతున్నారా?"

వెంటనే ఫోను తీసి, లిఫ్టు ఆపెయ్యమని ఒక్కొక్క చోటికీ చెప్పడం మొదలుపెట్టాను. నాలుగోచోట వాచ్‌మన్ ఎత్తాడు.

"ఇవాళ పొద్దున జారింది సార్. అదృష్టం, అందులోంచి స్కూలు పిల్లలు అప్పుడే దిగారు."