పుట్టికి పడ్డ అతుకు

తుంగభద్ర నడుమ తిప్ప మీద మూతపడ్డ రిసార్టులో పొద్దు గూకగానే దీపం దానంతటదే వెలుగుతుందని పక్కింటి లక్ష్మమ్మ చెప్పింది. ఆమె చూడలేదు. కౌతాళం సంతలో ఎవరో ఆమె చెల్లెలికి చెప్పారట. "వరదకు ఓనరు పారిపాయె. దయ్యం మాత్రం ఆడే ఉండాది," అని తన వంతు కూడా చేర్చింది.

ఆ మాట చెవిలో పడ్డ మరునాడే ఖలీల్ పుట్టిని నీళ్లలోకి తోశాడు. వెదురు బుట్టకు గోనె చుట్టి తారు పూసిన గుండ్రటి పడవ అది. కాలు బెణికిన తండ్రి పీరా సాబ్ గట్టు మీదే కూర్చున్నాడు.

"నీ సేతికి జాగ్రత్త లేదు. ఈ పొద్దు పుట్టిని మళ్లీ నీళ్లు కారకుండా తెస్తివా, అది నీదే. లేకుంటే ఆదోనికి పోయి పత్తి మిల్లులో సేరు."

ఖలీల్ పెళ్లాం, కొత్త కోడలు సమ్రీన్ నదిని చూస్తానని తనూ ఎక్కింది. ఆమె పుట్టిల్లు ఆదోనిలో పత్తి నింపే గోనె బోరాలు కుట్టే ఇల్లు. ఎక్కడికి పోయినా చేతిసంచిలో దబ్బనం, పురికొస ఉండాల్సిందే.

వడ్ల మూటలు అవతల దించి వస్తుంటే గాలి లేచింది. పుట్టి బొంగరంలా తిరిగి తిరిగి తిప్పకే కొట్టుకుపోయింది. రిసార్టువాళ్లు కట్టిన సిమెంటు మెట్ల దగ్గర ఆగింది.

పుట్టిని బయటికి తీస్తే ఇసుక మీద బోర్లించాలని ఆ ఊళ్లో పసిపిల్లలకైనా తెలుసు. కానీ రిసార్టు లోపల ఏదో ధన్ ధన్‌మని కొట్టుకుంటోంది. దయ్యం వస్తే చప్పున ఎక్కి పారిపోవచ్చని, ఖలీల్ ఎండకు కాగిన సిమెంటు మీదే దాన్ని వెల్లకిలా పెట్టాడు.

కొట్టుకుంటున్నది గొళ్లెం లేని తలుపు. సమ్రీన్ పోయి ఇటుక అడ్డం పెట్టింది. ఈతకొలను నిండా ఒండ్రు, దాంట్లో తుంగ మొలిచింది. సమ్రీన్ దుమ్ము పట్టిన రిసెప్షన్ బల్ల ముందు నిలబడి, "రూము ఉండాదా సార్?" అని అడిగింది. ఖలీల్‌కు నవ్వు రాలేదు.

గాలి తగ్గాక పుట్టిని ఎత్తబోతే కదల్లేదు. అడుగున తారు కరిగి సిమెంటును పట్టుకుంది. ఖలీల్ కంగారుగా గుంజాడు. అరచెయ్యంత మేర పర్రున చినిగింది.

"పాయె," అని కూలబడ్డాడు. "ఇంగ నాకు మిల్లే గతి."

"ఏడుపు తర్వాత ఏడ్సు. అగ్గిపెట్టె ఉండాదా?"

గేటుకు వేలాడుతున్న 'స్వాగతం' ఫ్లెక్సీని ఆమె చింపుకొచ్చింది. మడతలేసి, చిరుగు మీద పరిచి, బోరం కుట్టు వేసింది. అతను సిమెంటు మీది తారు గోకి, వంటింట్లో దొరికిన డబ్బాలో కరిగించి పూశాడు. ఈసారి పుట్టిని ఇసుక మీదే బోర్లించారు. తారు గట్టిపడేసరికి పొద్దు గూకింది.

ఉన్నట్టుండి తల మీద దీపం వెలిగింది. ఖలీల్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"సోలారు దీపం. మా వీధిలోనూ ఉండాది," అంది సమ్రీన్. "సెయ్యి ఇడువు, గాజులు పగుల్తాయి."

దారిలో చుక్క నీరు రాలేదు. గట్టు మీద లక్ష్మమ్మ ఎదురొచ్చి, "దయ్యం కనపడెనా?" అంది. పీరా సాబ్ ఆమెను పట్టించుకోలేదు. పుట్టిని తిరగేయించాడు. తారు కింద 'స్వా' అక్షరం సగం కనపడుతోంది. కుట్టు వెంబడి బొటనవేలు నడిపాడు.

"సిమెంటు మీద పెట్టినాను అబ్బా. నాదే తప్పు," తండ్రితో అన్నాడు ఖలీల్. "అయినా నీళ్లు కారలేదు. ఇంగ నాదే గదా?"

"కుట్టిందెవరు?"

"నేనే మామా," అంది సమ్రీన్.

"అయితే పుట్టి నీదమ్మా. వాడు తెడ్డేస్తాడు."