లచ్చమ్మ పంటి నొప్పి

నిజం చెప్పాలంటే లచ్చమ్మకు పంటి నొప్పే లేదు. ఇనుప గుగ్గిళ్లు పెట్టినా నమిలేసే పళ్లు ఆమెవి. ఆ నాటకమంతా మొగుడి కోసం.

మొగుడు మల్లయ్య ఖాజాగూడలో ఒక ఐటీ ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. డ్యూటీలో నిద్ర రాకుండా బుగ్గన గుట్కా పెట్టుకోవడం ఏళ్లనాటి అలవాటు. ఈ మధ్య కాస్త కారం తగిలినా అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ముద్ద చిన్నదైపోయింది. ఆవులించబోయి సగంలో ఆగి, బుగ్గ పట్టుకుంటున్నాడు. కూరలో కారం తగ్గించిన ప్రతిసారీ లచ్చమ్మ గుండె గుభేలుమనేది. దవాఖానకు పోదామంటే మాత్రం, "నాకేమైందే? మంచిగనే ఉన్న గద!" అని కసిరేవాడు. అబ్బ, ఆ మొండితనానికి ఓ దండం!

అందుకే ఆమె దవడ పట్టుకుని మూలగడం మొదలుపెట్టింది. అతను నమ్మాలి కదా! రోజూ అతని కళ్ల ముందే తలనొప్పి గోలీ ఒకటి పంటి పక్కన బుగ్గలో దోపుకుని పడుకునేది. నొప్పి ఉన్నచోటే మందు పెట్టడం వాళ్లింట్లో అందరూ చేసేదే. చివరికి మల్లయ్యే పరేషానై, డ్యూటీ మార్పించుకుని, కొత్తగూడలో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాడు. తనను చూడటం అయిపోగానే, "జర మా ఆయన నోరు గూడ చూడు బిడ్డా" అనాలని ఆమె పథకం.

డాక్టర్ అశ్విని కర్నూలు పిల్ల, మాట మెత్తన. కుర్చీ వెనక్కి వాల్చి లైటు దగ్గరికి లాగింది. లచ్చమ్మ పెదవులు మడిచి చూసింది. నాలుకను పలచటి గుడ్డతో పట్టుకుని పక్కలూ, అడుగూ చూసింది. చిన్న అద్దంతో కుడి బుగ్గ పక్కకు తోసి, అక్కడే ఆగిపోయింది.

"ఇక్కడ తెల్లటి మచ్చ ఉందమ్మా. ఎప్పటి నుంచి?"

లచ్చమ్మ కుర్చీలోంచి లేవబోయింది. మచ్చా? తనకా? ఎవరి కోసం వస్తే ఎవరికి చుట్టుకుంది దేవుడా!

గోడ పక్కన నిలబడ్డ మల్లయ్య ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "దానికి ఏ అలవాటూ లేదు మేడం. గుట్కా తినేది నేను. వస్తే నాకు రావాలె గద, దానికెట్లొస్తది?" అన్నాడు.

అశ్విని మచ్చను ఆ గుడ్డతో మెల్లగా తుడిచింది. తెల్లటి పొర లేచి వచ్చింది. కింద ఎర్రగా, పచ్చిగా ఉంది. లచ్చమ్మకు చుర్రుమంది.

"ఇక్కడేమైనా పెట్టారామ్మా?"

"తలనొప్పి గోలీ."

డాక్టరు తేలిగ్గా ఊపిరి వదిలింది. "అది కాల్చిన పుండమ్మా ఇది. గోలీ మింగాలి గానీ బుగ్గలో పెట్టకూడదు. మానేస్తే తగ్గిపోతుంది. అయినా వచ్చేవారం ఒకసారి చూపించండి. అన్నట్టు, పన్ను శుభ్రంగా ఉందే! మరి నొప్పి ఎక్కడ?"

"నొప్పి లేదు బిడ్డా." ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఈయన కారం తినలేడు, నోరు తెరవలేడు. దవాఖానకు రమ్మంటే రాడు. నా కోసమైతే వస్తడని..."

"పిచ్చిదానా, నా కోసం నోరు కాల్చుకుంటవానే?" అని తిట్టాడు మల్లయ్య. ఆ తిట్టులో కోపం వెతికినా దొరకదు. జేబులోంచి గుట్కా పొట్లం తీసి చెత్తబుట్టలో పడేసి, తనే వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"నోరు తెరిచి మీ మూడు వేళ్లు నిలువుగా పెట్టండి" అంది అశ్విని.

రెండే పట్టాయి. అతను మళ్లీ ప్రయత్నించాడు. మూడోది పట్టలేదు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా లచ్చమ్మ వైపు చూశాడు.

అశ్విని అతని బుగ్గలను లోపల వేలితో తడిమింది. "కండ బిగుసుకుపోయిందయ్యా. అక్కడి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం. ఆ రిపోర్టు వచ్చాకే ఏదైనా చెప్పగలను. గుట్కా మాత్రం ఇక ముట్టొద్దు. వచ్చేవారం తప్పకుండా రావాలి."

లచ్చమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"వస్త మేడం" అన్నాడు మల్లయ్య. "దీని పుండు చూపియ్యాలె గద. అందుకే వస్త."

"ఎందుకోసమన్న రా అయ్యా," అంది లచ్చమ్మ కళ్లు తుడుచుకుంటూ, "నువ్వొస్తే చాలు."