మూడో పాటకీ నాలుగో పాటకీ మధ్య

ఆ ఆదివారం పొద్దున ఆకాశం వానను పట్టుకుని కూర్చుంది, వదల్లేదు. చాంగీ వైపు నలుపు, మా వైపు తెలుపు, మధ్యలో ఎవరో తడిగుడ్డతో తుడిచి వదిలేసినట్టు ఒక చార. సింగపూరు బెడోక్‌లో ఈ ఏడో అంతస్తు నుంచి పదకొండేళ్ళుగా ఆకాశాన్ని వంటింటి కిటికీలోంచే చూస్తున్నాను, బట్టలు ఆరేసిన వెదురుగడలు బయటికి తొయ్యాలా లోపలికి లాక్కోవాలా అని తేల్చుకోవడానికి. ఒక గడ సగం తోసి ఆగాను.

"ఉదయా, పదింటికి ఆ అమ్మాయి వస్తుంది. ఈ తడిబట్టలు హాల్లోకి తేకు. ఫొటోలు తీస్తుంది," అన్నారు మా ఆయన, హాల్లోంచే.

ఆ అమ్మాయి పేరు అరీబా. హైదరాబాదు టోలీచౌకి పిల్ల. ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. తొంభైల్లో సింగపూరు కుర్రాళ్ళు సొంతంగా పాటలు చేసుకుని, సొంతంగా క్యాసెట్లు వేసుకుని, పోస్టులో పంపుకున్నారే, వాళ్ళ మీద. మా ఆయన భరద్వాజ్ నడిపిన ‘ఓన్ హ్యాండ్స్ టేప్స్’ అనే క్యాసెట్ల లేబుల్ అందులో ముఖ్యమైనదట. నాలుగేళ్ళు నడిచింది. పంతొమ్మిది క్యాసెట్లు వేసింది. వాటిలో ‘నో లిఫ్ట్’ అనే బ్యాండు క్యాసెట్‌ని ఇప్పుడు జర్మనీలో ఎవరో పెద్ద గ్రామఫోన్ రికార్డుగా మళ్ళీ వేస్తున్నారు. దాంతోపాటు ఆ లేబుల్ చరిత్ర చెప్పే చిన్న పుస్తకం ఒకటి ఇస్తారు. రాస్తున్నది అరీబా. సోమవారం అచ్చుకి పోతుంది. అచ్చుకి ముందు చివరిసారి మాట్లాడి, అసలు టేపు తీసుకెళ్ళడానికి వస్తోంది. ఆ టేపు నా బీరువాలో చీరల మధ్య ఉంది.

ఆ పుస్తకం కాగితాలు ముందురోజు బల్ల తుడుస్తుంటే కనిపించాయి. చదివాను. మొదటి పేజీలోనే ఉంది, ఈ లేబుల్‌ని భరద్వాజ్ ఒక్కడే, ఒక్క పడగ్గదిలో, తన రెండు చేతులతో నడిపాడని. చివరి పేజీలో కృతజ్ఞతలు. బ్యాండుల పేర్లు, కవర్లు జిరాక్సు తీసిపెట్టిన కొట్టు పేరు, అన్నిటి కింద ‘ఓర్పుగా సహకరించిన భార్యకు’ అని. పేరు లేదు. నాకు ఓర్పు ఉందని ఆయన ఎప్పుడు కనిపెట్టారో తెలియదు.

పెళ్ళై నేను వచ్చేసరికి ఆయన బ్యాంకులో ప్రోగ్రామరు. పాలిటెక్నిక్ చదివే రోజుల్లో పట్టుకున్న పిచ్చి ఈ పాటలు. ఒక్కొక్కటి నిమిషం, నిమిషంన్నర. గిటారు రంపంలా కోస్తుంది, డ్రమ్ము తరుముతుంది, పాడేవాడు అరుస్తాడు. మొదటిసారి విని మా అత్తగారు, "ఎవరికిరా పూనకం?" అని అడిగారు. నాకూ భయమేసింది. తర్వాత మాటలు చదివాను. మాకు యజమానులు అక్కర్లేదు, ఎవరి పని వాళ్ళే చేసుకుందాం, ఎవరూ ఎవరికీ పైన కాదు అని ఉన్నాయి. ఆ మాటలున్న కాగితాల్ని నేనే మూడు మడతలు పెట్టి క్యాసెట్ పెట్టెలో దూర్చేదాన్ని. అద్దంకి దగ్గర మా ఊరి బళ్ళో ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులో చెప్పేవారు. నేను ఇంగ్లీషు నేర్చుకున్నది ఈ కాగితాల మీద. అందుకే నాకు ప్లీజ్ కన్నా ముందు రెఫ్యూజ్ వచ్చింది. ఒకసారి పక్కింటి చైనీస్ ఆంటీ కేకు ముక్క పెడితే, వద్దండీ అనబోయి ‘ఐ రెఫ్యూజ్’ అన్నాను. పాపం, ఆమె నెలరోజులు నా మొహం చూడలేదు.

వేగంగా కాపీ చేస్తే పాట పదును పోతుందని ఆయన నమ్మకం. కాబట్టి ప్రతి క్యాసెట్టూ పాట నడిచినంతసేపూ నడవాలి. మూడు టేప్ డెక్కులు వంటింటి గోడకి ఆనించి పెట్టారు. ఒక వైపు పన్నెండు నిమిషాలు. అన్నం ఒక వైపు, పప్పు రెండు వైపులు. పోపు మాడినా సరే, టేపు తిప్పడం ఆలస్యం కాకూడదు. ఏ కాపీలో గొంతు జీరపోయిందో, ఏ టేపు లోపల పట్టేస్తుందో కూర చూస్తూ చెవితో పట్టుకునేదాన్ని. పైన ప్లాస్టిక్ ముక్క విరిచేదాన్ని, ఎవరూ దానిమీద ఇంకోటి ఎక్కించకుండా. కవర్ల మీద అడ్రసులు రాసి, సంచిలో వేసుకుని, లిఫ్టు మా అంతస్తులో ఆగేది కాదు కాబట్టి రెండంతస్తులు మెట్లు దిగి, అక్కడ లిఫ్టెక్కి, పోస్టాఫీసుకి వెళ్ళేదాన్ని. ఆయన సాయంత్రం వచ్చి, "ఈ రోజు ఎన్ని అయ్యాయి?" అనేవారు. "నా పాస్‌పోర్టులో పని చెయ్యకూడదని స్టాంపు వేశారుగా?" అని ఒకసారి అన్నాను. "ఇది పని కాదు, ఉద్యమం. అయినా ఎవరితో అనకు," అన్నారు. ఉద్యమమైతే మీరూ మడతపెట్టండి అనలేదు నేను. అప్పటికింకా నాకు రెఫ్యూజ్ పలకడమే వచ్చు.

ఉత్తరాలు వచ్చేవి. మనీలా నుంచి, జకార్తా నుంచి, మలేసియాలో ఇపో నుంచి. "నువ్వే ఏదో ఒకటి రాసి కింద ‘బీ’ అని పెట్టు," అనేవారు. ఇపో నుంచి ఒక పదహారేళ్ళ పిల్ల రాసింది, జుట్టు కత్తిరించుకుంటానంటే అమ్మ గదిలో పెట్టి తాళం వేస్తోందని. నేను నాకొచ్చిన ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశాను. జుట్టు నీది. కత్తెర ఇంట్లోనే ఉంటుంది. కింద ‘బీ’ అని పెట్టాను. ఆ పిల్లకి ఇప్పుడు సొంత లేబుల్ ఉందట. ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకుందట. అరీబా పుస్తకంలో దానికి ఒక పేజీ ఇచ్చింది. ‘భరద్వాజ్ రాసిన రెండు వాక్యాలు ఒక తరాన్ని మార్చాయి’ అని. ఆ రెండు వాక్యాల్ని ఆయన మొన్నే మొదటిసారి చదివి ఉంటారు.

పదింటికి అరీబా వచ్చింది. చెప్పులు బయట విడిచి, మా అత్తగారికి సలాం చెప్పి, సోఫా అంచున కూర్చుంది. మా అత్తగారు భ్రమరాంబగారు ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు తెనాలిలో. రేడియోలాగా అన్నీ వింటారు, బ్యాటరీ ఉన్నప్పుడు మాట్లాడతారు. మా అమ్మాయి రుచిత నేల మీద హోంవర్కు ముందేసుకుంది. నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను.

"అంకుల్, గీ ఒక్కటి మళ్ళ చెప్తరా? మూడో పాటకీ నాలుగో పాటకీ మధ్యల ఒక లేడీ అరుస్తది కదా, దాని గురించి. జర్మనీవాళ్ళు అదే ఎక్కువ అడుగుతున్నరు," అంది అరీబా. తన ల్యాప్‌టాప్‌లో ఆ చోటు పెట్టింది.

గిటారు ఆగింది. ఏడు సెకన్లు. "పెట్టను. నేను పెట్టను. ఎన్నిసార్లు లెయ్యాలి నేను?" అని ఒక ఆడగొంతు. వెంటనే డ్రమ్ములు మీద పడ్డాయి. నా కత్తిపీట ఆగిపోయింది.

తొంభై తొమ్మిది, ఏప్రిల్. ‘నో లిఫ్ట్’ అసలు టేపుని పరీక్షగా వినడానికి, మైకు లోపలే ఉన్న చిన్న రికార్డర్లో పెట్టాను. ఆ టేపుకి ప్లాస్టిక్ ముక్క విరవడం మర్చిపోయాను. పాటకీ పాటకీ మధ్య ఆపి, మళ్ళీ పెట్టబోయి, పక్కనున్న, రికార్డు చేసే ఎర్ర మీట కూడా నొక్కేశాను. అప్పుడే హాల్లోంచి మా అత్తగారు మంచినీళ్ళు పెట్టమన్నారు. అది ఆ గంటలో ఆరోసారి. కడుపులో రుచిత, ఐదో నెల. నా నోట్లోంచి ఆ మాటలు అలా వచ్చాయి. మీట సంగతి నాకు తెలియలేదు. నలభై కాపీలు పోస్టులో వెళ్ళిపోయాక ఆయన విన్నారు. "బుర్రుందా నీకు? నా లేబుల్ పరువు తీశావు," అన్నారు. పదిరోజుల తర్వాత మనీలా నుంచి ఉత్తరం వచ్చింది, ఆ అరుపే క్యాసెట్ మొత్తానికి ప్రాణమని. ఆ సాయంత్రం నుంచి అది ఆయన ఆలోచన అయింది. షోల్లో మలయ్ కుర్రాళ్ళు, చైనీస్ కుర్రాళ్ళు మూడో పాట అయిపోగానే చేతులు పైకెత్తి ‘పెట్టను’ అని అరిచేవారట. ఏం పెట్టనంటున్నారో వాళ్ళకి తెలియదు. నేను ఒక్క షోకీ వెళ్ళలేదు. పసిపిల్లతో ఎక్కడికన్నారు.

హాల్లో ఆయన గొంతు సర్దుకున్నారు. "అది మా ఊళ్ళో ఒక ముసలావిడ. పొలంలో కూలి చేసేది. సెలవులకి వెళ్ళినప్పుడు రికార్డు చేసుకొచ్చాను. శ్రమ గొంతు వినిపించాలని నా ఉద్దేశం."

అరీబా రాసుకుంటోంది. పెన్ను కాగితం మీద పోయే చప్పుడు నాకు వినిపించింది. వినిపించిందని ఒట్టేసి చెప్పగలను. రేపు అచ్చవుతుంది. ఆ తర్వాత నేను ఎవరితో చెప్పినా, ఏదో పాపం, భర్త పేరు చూసి ఓర్వలేక అంటోంది అంటారు. చేతులు కొంగుకి తుడుచుకుని హాల్లోకి వెళ్ళాను.

"ఆ గొంతు నాది," అన్నాను.

ఆయన నవ్వారు. మీటింగుల్లో కింది వాళ్ళు ఏదన్నా అంటే నవ్వే నవ్వు అది. "మా ఆవిడకి సరదా ఎక్కువ. ఉదయా, అరీబాకి కాఫీ..."

"సరదా ఏంట్రా?" అన్నారు మా అత్తగారు. అందరం అటు తిరిగాం. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ముసలావిడెవర్రా? కూలిదెవర్రా? ఆ రోజు నీళ్ళు అడిగింది నేను. ఈ పిల్ల నా మీద ఆ అరుపు అరిచింది. నేను దీంతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. నీకు ఫోన్ చేసి ఏడిస్తే, పోనీలే అమ్మా, కడుపుతో ఉంది అన్లా నువ్వు? ఎనిమిదేళ్ళయింది, నేను మర్చిపోయాననుకున్నావా? దేశాలన్నీ విన్నాయంటగా నన్నన్న మాట. ఇప్పుడు అది కూడా నాది కాకుండా ఎవరో కూలిదానికి కట్టబెడతావా?"

ఆవిడ నా పక్షాన మాట్లాడలేదు. తన అవమానాన్ని తనకి ఇప్పించుకున్నారంతే. అయినా పదకొండేళ్ళలో ఆవిడ నాకు చేసిన మేలు అదొక్కటే. చాలా పెద్ద మేలు.

రుచిత పెన్సిలు నోట్లోంచి తీసి, "దట్ వన్ మమ్మీ వాట్. సో ఫియర్స్ లా," అంది ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో, అది అమ్మ గొంతేగా, ఎంత కోపమో అన్నట్టు. మళ్ళీ లెక్కల్లోకి దిగిపోయింది.

"ఉదయా, లోపలికి రా, మాట్లాడుకుందాం," అన్నారు ఆయన. నవ్వు లేదిప్పుడు.

"ఇక్కడే మాట్లాడుకుందాం. లోపల మాట్లాడుకున్నవన్నీ లోపలే ఉండిపోయాయి."

"ఏం కావాలి నీకు? పేరా? వేయిస్తాను. దీనికోసం బయటివాళ్ళ ముందు..."

"మీరు వేయించడం కాదు. నేను చెప్తాను, అరీబా రాసుకుంటుంది."

అరీబా అప్పటికే కొత్త పేజీ తీసింది. "చెప్పుండ్రి ఆంటీ," అంది నెమ్మదిగా.

కూర్చున్నాను. ఆయన ఎదురుగా ఉన్న కుర్చీలో. "పంతొమ్మిది క్యాసెట్లు. ఒక్కోటి రెండొందల కాపీలు, కొన్ని మూడొందలు. అన్నీ నేను ఎక్కించాను. మడతలు, అడ్రసులు, పోస్టు నావి. ఉత్తరాలకి జవాబులు నావి, ఇపో అమ్మాయికి రాసింది కూడా. ఆమెకి నా పేరు చెప్పు, కావాలంటే చేతిరాత పంపుతాను, పోల్చుకోమను. మూడో పాటకీ నాలుగో పాటకీ మధ్య ఉన్నది పొరపాటు. ఎవరి ఆలోచనా కాదు. ఆ పొరపాటు చేసింది ఉదయశ్రీ. అలాగే రాయి."

"నేను లేకపోతే ఆ బ్యాండులెక్కడివి? ఆ కుర్రాళ్ళనెవరు పట్టుకొచ్చారు?" అన్నారు ఆయన. గొంతులో కోపం కన్నా దిగులు ఎక్కువుంది. అది నిజం దిగులే. జీవితంలో ఆయన ప్రేమగా చేసిన పని అదొక్కటే. ఆ తర్వాత హైదరాబాదు టీములు, డెడ్‌లైన్లు, ప్రమోషన్లు. అది నాకు తెలుసు. తెలిసే ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాను.

"నిజమే. బ్యాండుల్ని తెచ్చింది మీరు. గిటారు సరిగ్గా మోగలేదని నాలుగుసార్లు రికార్డు చేయించింది మీరు. రాయి అరీబా, అది కూడా రాయి. ఆయనది ఒక్కటి కూడా తియ్యొద్దు. ఇద్దరు నడిపారని రాయి." బల్ల మీదున్న కాగితాల్లో చివరి పేజీ తీసి, ఓర్పుగా సహకరించిన భార్యకు అన్న వరస మీద పెన్నుతో గీత కొట్టాను. కాగితం కొంచెం చిరిగింది. "ఇది మాత్రం వద్దు. నేను సహకరించలేదు. పని చేశాను."

"టేపు ఆంటీ?" అంది అరీబా. "రేపు పొద్దున జర్మనీకి పంపాల."

"అచ్చుకి పోయే పేజీ నేను చదివాక ఇస్తాను. సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుని మార్చు. అన్నం వండాను."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. సగం తోసిన గడని అలా చూస్తూ నిలబడ్డారు. తోస్తారేమో అనుకున్నాను, లాగుతారేమో అనుకున్నాను. ఏదీ చెయ్యలేదు. ఆయనకి ఆ గడ బరువెంతో తెలియదు.

ఒంటిగంటకి ఐదుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, చారు, మజ్జిగ. ఎవరూ ఎవరికీ వడ్డించలేదు. గిన్నెలు చేతులు మారుతున్నాయి. అరీబా కళ్ళు దించుకుని కలుపుకుంటోంది. మా అత్తగారు ముద్ద ముద్దకీ ఆగి ఎటో చూస్తున్నారు. రుచిత బెండకాయలు ఏరి పక్కన పెడుతోంది. ఆయన తల వంచుకుని తిన్నారు. పప్పులో ఉప్పు తక్కువైంది. ఆయన పళ్ళెంలోంచి తలెత్తి నా వైపు చూసి, ఏదో అనబోయి, ఉప్పు గిన్నె తనే అందుకుని వేసుకున్నారు. నేను ఆకలితో ఉన్నాను. వేపుడు ఇంకో గరిటె వేసుకుని తిన్నాను.