తోక వెనక సందు

హార్లన్ కార్ఖానాలో రైఫిళ్ల ఉక్కు కూర్చునే కర్ర తొలిచేది నేను, ఆ కర్రలో పేరు కొట్టుకునేది ఆయన. మోంటానాలో మా పనివాళ్లకు ఒక ఆచారం ఉంది. తుపాకీ గొట్టం కింద, బయటికి కనిపించని గాడిలో, కర్ర తొలిచినవాళ్లు తమ పేరును ఇనుప ముద్రతో దిగ్గొడతారు. మా దగ్గర మాత్రం ఆ ముద్ర ఎప్పుడూ హార్లన్‌దే. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. దానికి నా ఒళ్లు మండని రోజు లేదు.

ఆ వసంతంలో ఐడా వచ్చింది. కంచర గాడిదల మీద సామాను కట్టి వేటగాళ్లను కొండల్లోకి తీసుకెళ్లే మనిషి. అక్కడ ఎలుగుల బెడద ఎక్కువ. పెద్ద తూటాలు, అవీ మామూలుకన్నా ఎక్కువ పట్టే లోతైన మ్యాగజైన్ ఉన్న రైఫిల్ కావాలంది. మిస్సోరీలో వాళ్ల తాత పెంచిన వాల్‌నట్ చెట్టు కూలిపోతే మిగిలిన ఒకే ఒక్క దిమ్మను దాని కర్రకోసం తెచ్చింది.

హార్లన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి కడుపు లేదు ఐడా. అంత లోతు మ్యాగజైన్ పెట్టె దించితే రెండు పక్కలా బిస్కెట్టంత గోడ మిగులుద్ది. మొదటి దెబ్బకే పగులుద్ది. ప్లాస్టిక్‌ది కొనుక్కో పో."

ఆడలేక మద్దెల ఓడు అనడమంటే అదే. నా నోరు ఊరుకోలేదు. "నేను తొలుస్తా. పగలకపోతే అందులో నా పేరు కొట్టనివ్వాలి."

"పగిలితే?"

"మీరు పొమ్మనకముందే పోతా."

"విన్నావా ఐడా? అమ్మాయి మీ తాత చెక్కతో జూదమాడుతోంది!" నలభై దాటినా నేనాయనకు అమ్మాయినే.

"ఆడనీవయ్యా. నీకు ఆ ధైర్యమూ లేదుగా" అంది ఐడా.

కిరోసిన్ దీపం మసి తుపాకీ ఉక్కుకు పూసి, చెక్కలోకి దించి, పైకి తీసి, నల్లగా అంటిన చోట మాత్రమే ఉలితో గీకాలి. మళ్లీ పూయాలి, మళ్లీ దించాలి. లోతుకు వెళ్లేకొద్దీ ఉలి మొన కనిపించదు, గోటితో తడుముకోవాల్సిందే. గోడలు పల్చబడుతుంటే ఊపిరి బిగబట్టి గీకాను.

కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది. ఆ తన్నంతా గొట్టం కిందున్న ఉక్కు బొడిపె ఒక్కటే కాయాలి. అక్కడ చెక్కను వెంట్రుక దూరకుండా ఆనించాను. మ్యాగజైన్ పెట్టెకు ముందూ వెనకా, చేతిపిడి దగ్గర చెక్కలో కూర్చునే ఉక్కు తోక వెనకా మాత్రం సన్నని సందు వదిలాను. తోక చెక్కకు ఆనిందంటే ప్రతి దెబ్బకీ చీలలా దిగుతుంది. ఇంత పల్చని కర్ర దాన్ని తట్టుకోదు. తరవాత చెయ్యాల్సిన పనేదో చేసి, మరలు బిగించాను.

మా వృత్తిలో గొప్పంతా కాగితం దూరని అతుకులోనే ఉంది. హార్లన్ తోక వెనక గోరు పెట్టి చూసి మండిపడ్డాడు. "ఇదేం పని? గోరు పడుతోంది! నా కొట్టులోంచి ఇది బయటికెళ్తే జనం మొహాన ఉమ్మేస్తారు."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఐడా ఏమన్నా అందా?" అన్నాను.

మర్నాడు పొద్దున వచ్చేసరికి సందు లేదు. హార్లన్ సన్నని వాల్‌నట్ పేడు చెక్కి, చెక్క చారలు కలిసేలా అందులో దూర్చి, జిగురు పెట్టి, పైన నూనె రుద్దాడు. పని చక్కగా ఉంది, ఆ మాట దాచను. చక్కగా నా మెడకు ఉరి బిగించాడు. ఐడా అప్పటికే తూటాలతో వచ్చి నిలబడింది.

నేను సన్న ఉలి తీసుకున్నాను.

"ఏం చేస్తున్నావ్?"

"మీ సోకు తీసేస్తున్నా."

"చెయ్యి తియ్యి! ఇది నా కార్ఖానా!"

"కర్ర ఐడాది. ఐడా, నువ్వే చెప్పు. ఇది ఇక్కడుంటే కర్ర పగులుద్ది. తియ్యనా, ఉంచనా?"

"తన్ను తినేది నా భుజం. నీకెందుకయ్యా ముస్తాబు?" అంది ఐడా. "తియ్యి డెల్లా."

హార్లన్ ఎదురుగానే ఆ పేడును ముక్కముక్కలుగా పెకలించి, సందు మళ్లీ శుభ్రం చేశాను.

కార్ఖానా వెనక మట్టిగుట్ట మీదికి ఐడా మ్యాగజైన్ ఖాళీ చేసింది. నింపి మళ్లీ ఖాళీ చేసింది. భుజం రుద్దుకుంటూ తుపాకీ హార్లన్ చేతికిచ్చింది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, మరలు విప్పి, మ్యాగజైన్ గోడల్లో పగుళ్లకోసం భూతద్దంతో వెతికాడు. తోక వెనక చూశాడు. బొడిపె దగ్గర చూశాడు. ఎక్కడా వెంట్రుకంత పగులు లేదు.

"సరే, కొట్టుకో నీ పేరు" అని గొణుగుతూ దీపాన్ని గొట్టం గాడి మీదికి జరిపాడు. అక్కడ ఆయన చెయ్యి ఆగిపోయింది. గాడిలో డెల్లా మోర్స్ అని నా పేరు లోతుగా దిగి ఉంది.

"ఇదెప్పుడు కొట్టావ్?"

"మరలు బిగించకముందు."

"కాల్చి చూడకముందే? పగిలుంటే?"

"పగిలినా తొలిచింది నేనేగా. ఆ పగులు మీద మీ పేరుంటుందా ఏంటి?"

ఐడా పకపకా నవ్వింది. హార్లన్ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, నా కర్రకు మరలు నేనే బిగించాను.