మంగ్లీ దవాఖాన

రెండేళ్లు! ప్రతి సోమవారం దరఖాస్తు పట్టుకొని సూర్యాపేట కలెక్టరేటులో ప్రజావాణికి వెళ్లింది నేను. మా తండాకు దవాఖాన కావాలని ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించింది నేను. బస్సుల కోసం నిలబడి నిలబడి కాళ్లు వాచింది నాకు.

మా తండా మంగ్లీ ఒక్కటంటే ఒక్కసారి వచ్చింది. రెండేళ్ల కింద తన కోడలు పురిటినొప్పులతో కోదాడ పోతూ ఆటోలోనే ప్రాణం విడిచిందని మైకులో చెప్పింది. కలెక్టరు పెద్దసారు కుర్చీలోంచి లేచి ఆమె దగ్గరికే వచ్చాడు. నన్ను ఏనాడైనా తలెత్తి చూశాడా?

వారం తిరక్కముందే తండాలో అందరి నోటా ఒకటే మాట, "మంగ్లీ దవాఖాన వస్తదంట." నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పుకోవడానికి నాకు అంత పెద్ద కష్టం లేకపోయిందే అని కూడా అనిపించింది. ఛీ, పాడు బుద్ధి! అయినా అనిపించింది, దాచి ఏం లాభం?

దవాఖాన ఇవ్వాలో వద్దో చూడడానికి జిల్లా నుంచి మేడం శుక్రవారం వస్తుందని ఫోన్ నాకే వచ్చింది. కాగితం మీద నంబరు నాది మరి. గురువారం మంగ్లీ అడిగింది.

"జమునక్కా, మేడం ఎప్పుడొస్తదంట?"

"ఇంకా చెప్పలే. నువ్వు పత్తి ఏరనీకి పో, వస్తే పిలుస్త."

తడుముకోకుండా చెప్పాను.

శుక్రవారం మేడం మా ఇంటి ముందే కుర్చీ వేసుకొని కూర్చుంది. "పక్క ఊరోళ్లు కూడా అడుగుతున్నారమ్మా. ఇచ్చేది ఒక్కటే. కోడల్ని పోగొట్టుకున్నామె మాట రాసుకుపోతే మీకే వస్తుంది. ఎవరామె?"

చుట్టూ చూశాను. జనమంతా చేలల్లో ఉన్నారు.

"నేనే మేడం."

"అయ్యో. కోడలి పేరేంటమ్మా?"

మంగ్లీ కోడలి పేరు ఎంతకీ నోటికి రాలేదు. ఆ పిల్ల చనిపోయిన నెల నుంచే కదా నేను తిరగడం మొదలుపెట్టింది! మేడం పెన్ను పట్టుకొని చూస్తోంది. నోటికి వచ్చిన పేరు ఒక్కటే, అది చెప్పేశాను.

"కావ్య."

మేడం రాసుకుంది. వెనక గ్లాసులు గలగలమన్నాయి. నా కోడలు కావ్య చాయ్ పళ్లెం పట్టుకొని గడపలో నిలబడి ఉంది. అయిదో నెల. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అత్తమ్మా, నేను సచ్చిపోయిన్నా?"

మేడం నా ముఖం చూసింది, కావ్య కడుపు చూసింది, పెన్ను మూత పెట్టి లేచింది.

"పోకండి మేడం, మీ కాళ్లు మొక్కుత! కోడలు పోయినామె మంగ్లీ. ఇప్పుడే తోల్కొస్త."

చెప్పులు కూడా వేసుకోకుండా చేను దాకా పరుగెత్తాను. మంగ్లీ ఒడి నిండా పత్తితో నడుం ఎత్తి చూసింది.

"మేడం వచ్చిందా అక్కా?"

"వచ్చింది. జల్ది రా." రొప్పుతూనే అడిగాను. "మంగ్లీ, నీ కోడలి పేరేంది?"

ఆమె ఒడిలోని పత్తి గట్టు మీద దులిపింది.

"స్వరూప" అంది. "రెండేండ్లు నువ్వు దాని కోసమే తిరిగినవనుకున్న అక్కా."