రామనాథం చెవులు

సుక్మా జిల్లా కోంటలో మాకు ఉప్పు, ఎండుచేపల కొట్టు ఉండేది. చెల్లెలు వరలక్ష్మి కొట్టు ముందు కూర్చుని పాడితే సంతలో బేరాలు ఆగిపోయేవి. అలా పాడే చిన్నవయసులోనే దానికి మలేరియా వచ్చింది. సంతల్లో తిరుగుతూ సూదులు పొడిచే రామనాథాన్ని పిలిపించారు. సూది పడకపోతే వైద్యమే కాదనుకునే ఊరు మాది. "గట్టి మందు" అంటూ రోజూ జెంటామైసిన్ పొడిచాడు. ఆ మందు బ్యాక్టీరియా వంటింట్లో దూరి, ప్రోటీన్లను తప్పుగా వండించి దాన్ని చంపుతుంది. మలేరియా క్రిమి బ్యాక్టీరియా కాదు కాబట్టి దానికి వెంట్రుకవాసి దెబ్బ కూడా తగల్లేదు.

చెవుల్లో మోత అని చెల్లి ఏడిస్తే, "జ్వరం దిగుతాంది, అంతే" అని మళ్లీ పొడిచాడు. చివరికి జ్వరం దానంతటదే దిగింది గానీ, చెల్లికి ఏమీ వినపడకుండా పోయింది. నడిస్తే తూలేది. విప్పసారా తాగిందని తోటిపిల్లలు నవ్వేవాళ్లు. అప్పటినుంచీ ఆ మనిషి పేరు వింటే నా కడుపు మండేది. నర్సునయ్యాక, ఏం చేశాడో అర్థమయ్యాక, ఇంకా మండింది.

ఇన్నాళ్లకు అదే రామనాథం సుక్మా ఆసుపత్రిలో నా వార్డుకే వచ్చాడు. కిడ్నీల్లో ఇన్ఫెక్షన్ నెత్తురులోకి పాకింది. డాక్టర్ సాబ్ జెంటామైసిన్ రాశారు. ఈ జబ్బుకు అది సరైన మందే. నన్ను అతను గుర్తుపట్టలేదు.

కొన్ని సూదులయ్యాక ఒక పొద్దున అన్నాడు: "చెవుల ఏందో ఈలపురుగు అరుస్తాంది తల్లీ. లేస్తే తూలొస్తాంది."

ఊరూరా పొడిచిన మందు ఏం చేస్తుందో వాడికి ఇప్పటికీ తెలియదు! కిడ్నీ నెమ్మదిస్తే ఆ మందు బయటికి పోక ఒంట్లో పేరుకుంటుంది. చెవి లోపలి కణాలు చస్తే మళ్లీ మొలవవు. సిరంజి నా చేతిలోనే ఉంది. రాసిన సూది వేశానంటే నన్ను అడిగేవాడు లేడు. సూది దింపబోయాను కూడా, అబద్ధమెందుకు?

అప్పుడు తట్టింది. చెవులు పోతే వీడికి హాయి. చెవుడొచ్చాక వరలక్ష్మి గొంతు కోంట సందుల్లో వినపడితే చాలు, నింద తన మీదికొస్తుందని సందు మారి పారిపోయేవాడు. ఇక ఆ శ్రమ కూడా ఉండదు.

సిరంజి పక్కన పెట్టి, డాక్టర్ సాబ్‌కు చెప్పాను. ఆయన కిడ్నీ పరీక్ష చూసి సూది ఆపించి, వేరే మందు రాశారు. మెల్లగా మోత తగ్గింది.

"నా చెవులు నిలబెట్టినవ్. నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె తల్లీ?" అన్నాడు రామనాథం.

"రేపు చెప్తా."

ఇంటికెళ్లి, నా దగ్గరే ఉండే చెల్లికి పెదాలు కనబడేలా సంగతి చెప్పాను. అది నవ్వింది. దాని కడుపు మంట నాకంటే తక్కువేం కాదు.

మర్నాడు దాన్ని మంచం పక్కన కూర్చోబెట్టగానే అతని మొహం పాలిపోయింది. ఒకసారి దానివైపు, ఒకసారి నావైపు చూశాడు. తన గొంతు తనకు వినపడక చెల్లి ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడుతుంది. వార్డంతా తిరిగి చూసింది.

"మామా! నేను పాడుతా. ఎట్లున్నదో నువ్వు చెప్పాలె. నాకు ఇనబడదు కదా!"

చిన్నప్పుడు కొట్టు ముందు పాడిన పాటే అందుకుంది. రాగం లేదు, అంతా ఒకటే అరుపు. రామనాథం చెవులు మూసుకున్నాడు. ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను.

"ఇను. అందుకే నిలబెట్టిన."

పాట అయ్యాక చెల్లి జవాబు కోసం అతని పెదాలవైపే చూసింది. అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"మళ్ల పాడాల్నా అక్కా?" అంది.

"పాడు," అన్నాను.